మూడంకె మీది ముగ్గు

సోంపేట డయాలసిస్ సెంటర్లో
సెలైన్ పెట్టెలు పేర్చుకునే గది మూల
ఇనుప స్టూలు మీద ఉంటుంది నా సర్వరు.
మానిటరుకి ఒక పక్క చారలు.
ఎలుకలు కొరక్కుండా వైర్లకి
పాత సైకిల్ ట్యూబు చుట్టింది నేనే.

మొదటిరోజు దాని ముందు గొంతుక్కూచుని
నల్లతెర మీద మెరిసే చిన్న గీతతో మాట్లాడాను.
మర్యాదలు ఎరగదది.
చెప్పింది చేస్తుంది,
తప్పు చెబితే తప్పే చేస్తుంది,
చేశాక నోరు మెదపదు.
జంట తాళంచెవులు పుట్టించి ఒకటి దానికిచ్చి
ఒకటి లాప్‌టాప్‌లో దాచుకుని
నరసన్నపేట బస్సెక్కాను,
ఇంక రానక్కర్లేదు కదా అని.

డాక్టరుగారికి నల్లతెర పడదు.
బొమ్మలు కావాలి, నొక్కడానికి బాణం కావాలి.
ఆయన కోసం రిమోట్ డెస్క్‌టాప్ పెట్టాను.
శ్రీకాకుళంలో ఆయన మౌసు కదిపితే
సోంపేట వెళ్ళి తిరిగొచ్చాకే బాణం కదిలేది,
నెట్టు బాగోని పూట
కాలు బెణికిన మనిషిలా.

ఒక రాత్రి ఒకటిన్నరకి, వాన,
ఫైర్‌వాల్ ఆన్ చేశాను.
ముందు నా దారికి ఇంత సందు వదలాలి.
వదల్లేదు.
ఎంటర్ మీంచి వేలు తియ్యకముందే తెలిసింది.
లోపల గడియపెట్టి
కిటికీలోంచి బయటికి దూకేసినవాణ్ణి.

అయిదింటికి డాక్టరు తెరవాలి,
మొదటి షిఫ్టు తొమ్మిదిమంది బరువులు చూడాలి.
మొదటి బస్సు నాలుగున్నరకి.

నైట్ ఆయా దాలమ్మకి ఫోన్ చేశాను.
ఆ మానిటరు మీద లాగిన్ అలాగే వదిలేసి రావడం
నా పాత తప్పు. ఆ రాత్రికి అదే దిక్కు.
"నాకు ఇంగిలీసు రాదు బావూ."
"రానక్కర్లేదమ్మా, ఆకారాలు చెబుతాను."

మెలిక తిరిగిన పాము.
మూత లేని గిన్నె.
నిలబెట్టిన సగం కొబ్బరిచిప్ప.
నిండు సున్న.
"ఇప్పుడు కింద పొడుగుబల్ల నొక్కు, ఒక్కసారే."
"మూడంకె మీద ముగ్గుంది, అది నొక్కాలా?"
"వద్దు, దానికింకా వేళ కాలేదు."

రెండుసార్లు మొదటికొచ్చాం.
వాకిట్లో అంబులెన్సు హారన్ కొడితే
ఫోను పెట్టెల మీద పెట్టి వెళ్ళింది.
ఏడు నిమిషాలు
ఆ గది ఫ్యాను చప్పుడు విన్నాను.

చివర పాస్‌వర్డు అడిగింది.
డాక్టరుకి కూడా చెప్పనిది
పన్నెండు ఆకారాలుగా విడగొట్టి ఆమె చెవిన వేశాను.
"నొక్కతన్నాను గాని ఏటీ పడ్డం నేదు."
"పడదు. పైకి కనబడదు గాని అన్నీ వింటుంది."
"మా అత్త నాగన్నమాట."

రెండూ నలభై ఏడుకి నా తెర పలికింది.

లాగు చూశాను.
ఆ వేళకి నా పేరే ఉంది.
ఎక్కణ్ణుంచి అన్నచోట దూరపు అంకెలేవీ లేవు,
'టీటీవై ఒకటి',
అంటే ఆ స్టూలు ముందు కూచుని నేనే కొట్టినట్టు.
దాలమ్మ ఎక్కడా లేదు.

పాస్‌వర్డు మార్చాను. మార్చాలి.
మార్చేటప్పుడు కొంచెం సిగ్గేసింది.

తర్వాత ఫైలు తెరిచి
ఇరవై రెండో నంబరు దారికి పైన
మూడంకె మీది ముగ్గు పెట్టి రాశాను:
చెరపొద్దు. నైట్ ఆయా దాలమ్మ వేసిన దారి.

ముగ్గుతో మొదలైన వరుసని యంత్రం చదవదు,
దాటుకుని పోతుంది.
నా తర్వాత ఈ ఉద్యోగానికొచ్చేవాడు చదువుతాడు.
ఎవరీ దాలమ్మ అని
సోంపేటకి ఫోను చేస్తే
చెయ్యనీ.