రిప్లై ఇవ్వకండి

మొన్నటిదాకా అన్నీ ఎర్ర అక్షరాలే.
రాత్రికి రెండొందల మెయిళ్ళు:
డౌన్, అప్, మళ్ళీ డౌన్.
రాజాంలో కరెంటు రెప్ప వేసినా
బొబ్బిలిలో ఎలుక తీగ కొరికినా
ఒకటే కేక.
ఆఖరికి అందరం చెవుల్లో దూది కుక్కుకున్నాం.

విజయనగరం గంటస్తంభం వెనక
సహకార బ్యాంకు మేడ మీద
నాలుగో టీతో కూర్చున్నాను
ఆ కేకకి మాట నేర్పుదామని.

"హోస్ట్ పద్నాలుగు" కొట్టేసి
"చీపురుపల్లి బ్రాంచి" అని రాశాను.
మూడుసార్లు పిలిచినా పలక్కపోతేనే పంపమన్నాను.
మేనేజరు గారి పేరు తీసేశాను, ఆయన ఎలాగూ చదవరు.
తాళం ఎవరి దగ్గరుందో కింద చేర్చాను:
మజ్జి దాలినాయుడు, నైట్ వాచ్‌మన్.
అతని ఫోన్లో మెయిల్ పెట్టించింది నిన్ననే.

"క్రిటికల్" చెరుపుతుంటే వేలు ఆగింది.
దాని చోట ఏం రాయను?
"కాస్త చూసి రావా" అని రాశాను.

రెండూ నలభైకి ఒక్కటే వెళ్ళింది.
చీపురుపల్లి మిషను గది వేడెక్కింది.
కాస్త చూసి రావా.

పొద్దున్న చూస్తే
ఎవరూ రాయని చిరునామాకి
ఎవరో రాసిన జవాబు, తిరిగొచ్చి పడి ఉంది:
"ఎల్లి సూసీసినాను బాబూ.
ఏసీ నీళ్ళు కారిపోతంది.
బకెట్టు ఎట్టీసి, కిటికీ తీసినాను.
నువ్వింక తొంగో."

మిషనుతో అన్నాడో, నాతోనో.

మెయిలు అడుగున
కంపెనీ వాళ్ళ లైనొకటి మిగిలిపోయింది,
దయచేసి రిప్లై ఇవ్వకండి, అని.
అదీ తీసేశాను.

పదింటికి ఏసీ మెకానిక్కి ఫోన్ చెయ్యాలి.
బకెట్టు ఈపాటికి నిండుంటుంది.