హవల్లీలో నాలుగో మూల

కంప్యూటర్ లోపలి హవల్లీకి ఎండ లేదు.
పటంలోంచి కత్తిరించి తెచ్చుకున్న వీధులు.
గోడంటే నాలుగు గీతలు, ఒక అంకె:
మాట అక్కడ ఎంత చస్తుందో చెప్పే అంకె.

రెండు వందల పది బండ్లను వదిలాను.
ఒక్కోటీ సెకనుకు పదిసార్లు చాటుకుంటుంది:
ఇక్కడున్నాను, ఇంత వేగం, ఇటు పోతున్నాను.
ఇక్కడున్నాను, ఇంత వేగం, ఇటు పోతున్నాను.
వినేవాళ్లుంటే విన్నట్టు, లేకుంటే లేదు.
అందరూ ఒక్కసారే నోరు విప్పితే
మాట మీద మాట పడి రెండూ పాడవుతాయి,
పెళ్లి భోజనాల దగ్గర మాదిరి.
అక్కడ ఒక నిమిషం గడవడానికి
ఇక్కడ నాకు రెండు చాయలు పడతాయి.

నాలుగో మూల దగ్గర మాత్రం రోజూ సున్నాలు.
ఫార్మసీ పక్కన ఎనిమిదంతస్తుల మేడ.
దాని వెనక నుంచి వచ్చే బండి మాట
ఇవతలి బండికి అందదు.
పదకొండు మీటర్ల దూరంలో కూడా
ఒకదానికొకటి లేవు.
సీడ్ నంబరు మార్చాను, యాంటెన్నా ఎత్తు పెంచాను.
గారెల బుట్ట బోర్లించినట్టు
మళ్లీ అవే సున్నాలు.

దస్తగిరి నడిపే స్కూలు బస్సు
ఆ మూల మీదుగానే పోతుంది, రోజుకు నాలుగు సార్లు.
రాజంపేట మనిషి. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే.
ఒక శుక్రవారం ఖాళీ బస్సులో
ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పాడు నన్ను.
ఒళ్లో కొలిచే డబ్బా, దానికో ఆకుపచ్చ దీపం.

మూల ఇంకా ఇరవై గజాలుండగానే
అతని కాలు బ్రేకు మీదికి పోయింది.
"వస్తాండాడు సూడు" అన్నాడు.
ఎవరూ లేరు. మేడ గోడ, అంతే.
రెండు లెక్కపెట్టేలోగా
నీళ్ల క్యాన్లేసుకుని తెల్ల పికప్పు ఒకటి
ముక్కు ముందు నుంచి దూసుకుపోయింది.

"ఎట్ల తెలిసింది నీకు?"
గడ్డం ఎత్తి ఎదుటి వైపు చూపించాడు:
కళ్లజోళ్ల అంగడి. నిలువెత్తు అద్దం.
"ఆ అద్దంలో నీడ కదుల్తాది మేడమ్.
గోడ సెప్పదు. ఎదురింటోడు సెప్తాడు."

నా హవల్లీ గోడలకు
మింగడం ఒక్కటే నేర్పానని ఆ రాత్రి తెలిసింది.
తిప్పికొట్టడం నేర్పలేదు.
అంగడికి అద్దం పెట్టాను,
పడిన మాటను పక్కకు విసిరే అంకె ఇచ్చాను.
రెండో చాయ చల్లారేసరికి
సున్నాల మధ్య ఒక ఏడు. తర్వాత పద్నాలుగు.
నూటికి పద్నాలుగు మాటలు
అంగడిని తాకి, ఒరిగి, అవతలికి చేరాయి.
దస్తగిరికి చెబితే
"పద్నాలుగుకే ఇంత సంబరమా" అన్నాడు.
"లెక్కల్లో నాకూ అన్నే వచ్చినాయి. మా నాయన కొట్న్యాడు."

మే నెలలో తూజ్ లేచింది.
మధ్యాహ్నం రెండుకే ఆకాశమంతా ఇటుకపొడి.
రేడియో మాటకు దుమ్ము ఒక లెక్క కాదు.
నా పట్టికలో ఆ రోజు ఏ మార్పూ లేదు.
కానీ బస్సులో నా డబ్బా లేదు.
నలభై ఒక్క మంది పిల్లలున్నారు.
ఫోన్ చేశాను. నడిపేటప్పుడు ఎత్తడు.

సాయంత్రం తనే చేశాడు.
"అద్దం కనపల్లేదు మేడమ్. నిలబెట్టేసినా.
హారన్ ఒకటి కొట్టినా. అవతల నుంచి ఇంకొకటి కొట్టె.
నువ్వు పో అని వాడు, నువ్వు పో అని నేను.
ఇద్దరం నిలబడే ఉండాం.
పిల్లోళ్లు ఒకటే నగేది."
"ఎంతసేపు?"
"యేమో. ఎవురు లెక్కబెట్టినారు."

లెక్కపెట్టడం నా పని.
ఇన్నాళ్లూ సున్నా వస్తే నా బండ్లు
అవతల ఎవరూ లేరనుకుని
అదే వేగంతో పోయేవి.
ఈ రాత్రి ఒక్క వరుస చేర్చాను:
ఏమీ వినపడకపోతే, నెమ్మదించు.

పెరుగన్నం కలుపుకుంటూ చూస్తున్నాను.
నాలుగో మూల దగ్గర రెండు చుక్కలు
మేడకు చెరోవైపు ఆగి ఉన్నాయి.
ఏదీ కదలదు. ఇది తప్పే, రేపు దిద్దాలి.
అయినా ఆపేయకుండా
కాసేపు వాటిని అట్లాగే ఉండనిచ్చాను.