గాలి రోజుల తాడు

పుంతా అరెనాస్‌లో గాలి ఉత్తినే వీయదు.
ముందు మనిషిని పక్కకు నెట్టి
తర్వాత పేరు అడుగుతుంది.
అలాంటి రోజుల్లో మునిసిపాలిటీ వాళ్ళు
కూడలిలో స్తంభం నుంచి స్తంభానికి తాడు కడతారు.
ముసలమ్మలు, బడిపిల్లలు, బ్యాంకు మేనేజరు,
అందరూ అదే తాడు పట్టుకుని రోడ్డు దాటుతారు.
పట్టుకున్నందుకు ఇక్కడ ఎవరూ సిగ్గుపడరు.

ఆస్పత్రి లోపల గాలి ఉండదు.
ఏడో మంచం మీద ఎలియేసర్ తాత.
నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించిన చేతులు
మంచం కమ్మీకి గుడ్డపీలికలతో కట్టేసి ఉన్నాయి,
గొంతులో గొట్టం పీక్కుంటాడని.
కట్టింది నేనే.
చర్మం ఒరుసుకోకుండా, వేలు దూరేంత సందు ఉంచి,
పాఠంలో చెప్పినట్టే.
ముడి బాగా వేశావని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

గొట్టం పెట్టకముందు ఆయన నాతో అన్నాడు:
"ఉన్ని తీయడం అయిపోయాక
గొర్రెను వదిలెయ్యాలమ్మాయ్.
ఇంకా పట్టుకునే ఉంటే దాన్ని పనంటారా?"
చార్టులో రాశాను. నీలం సిరాతో, టైము వేసి.

కూతురు పోర్వెనీర్ నుంచి పడవ మీద వచ్చింది.
"అన్నీ చెయ్యండి" అంది.
ఆమెను తప్పు పట్టలేను,
జలసంధి దాటేంతసేపూ ఆ రెండు మాటలే
కూడగట్టుకుని ఉంటుంది.
"సరే, అన్నీ" అన్నాడు డాక్టర్ మార్తినిచ్, తలుపు దగ్గర నిలబడి.
ఆ "అన్నీ" మంచం దాకా నడిచి వచ్చేది
నా చేతులతోనే.
రెండు గంటలకోసారి
గొట్టంలోకి ఇంకో సన్నగొట్టం దింపుతాను.
ఆయన కంటికొసల నీళ్ళు.
అది ఏడుపు కాదు, ఒంటి స్పందన మాత్రమే అని నేర్పారు మాకు.
నేర్పినవాళ్ళు ఆ నీళ్ళు ఎప్పుడైనా తుడిచారో లేదో.

ఇంట్లో మా బుడ్డోడికి తల దువ్వుతుంటే
"అమ్మా, ఎందుకంత గట్టిగా పట్టుకున్నావ్?" అంటాడు.

దీనికి అలసట అని పేరు పెట్టారు పైవాళ్ళు.
ఊపిరి ఎలా పీల్చాలో చెప్పే బొమ్మ ఒకటి
గోడకు అంటించారు.
అలసటైతే నిద్రతో తీరాలి కదా.
తప్పని తెలిసిన పనిని
తప్పులేకుండా చేయడం, దాన్నేమంటారు?

గురువారం ఇస్మేనియా మమ్మల్ని దుప్పట్ల గదిలోకి పిలిచింది.
మాలో పెద్దది, మోకాళ్ళు అరిగినా నోరు అరగనిది.
మాతే తేనీటి బుర్ర చేతి నుంచి చేతికి తిరిగింది.
అక్కడా ఒక గొట్టమే,
కాకపోతే ఇష్టపడి నోరు పెట్టేది.
ఇన్‌ఫెక్షన్ కమిటీ చూస్తే గుండె ఆగి చస్తుంది.
బుర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి.
"మనమేం చేయగలం" అన్న మాట ఒక్కటీ నిషేధం.

ముడి సంగతి చెప్పాను.
ఎవరూ ఓదార్చలేదు.
రాత్రి డ్యూటీ నోల్బెర్తో తన బూట్ల వైపు చూస్తూ
"నేనూ కట్టాను, మంగళవారం" అన్నాడు.
అంతే.
ఆ గదిలో కనపడని తాడేదో
ఒక్కసారిగా బిగిసింది.

శుక్రవారం రౌండ్లలో నేను వెనక నిలబడలేదు.
చార్టు తెరిచి నీలం సిరా చదివాను.
గొంతు వణికింది, గొర్రె అన్న మాట దగ్గర మరీ.
"డాక్టర్, ఇది ఆయన మాట.
కూతురికి ఎవరు వినిపిస్తారు?"
నా వెనక ఇస్మేనియా.
డ్యూటీ దిగినా ఇంటికి పోని నోల్బెర్తో.

డాక్టర్ చాలాసేపు కిటికీలోకి చూశాడు.
తర్వాత కుర్చీ లాక్కున్నాడు.
ఆ మనిషి కూర్చోవడం
ఈ వార్డులో అదే మొదటిసారి.

సాయంత్రం కూతురు నన్ను అడిగింది ఒకటే:
"ఆ చేతులు విప్పొచ్చా?"

విప్పాను.
నేను వేసిన ముడి
ఎంత తేలిగ్గా ఊడి వచ్చిందంటే
కాసేపు ఆ పీలికలు చేతిలోనే ఉండిపోయాయి.

తొమ్మిదో మంచం మీద ఇంకొకావిడ ఉంది.
ఆమె చార్టులో ఆమె మాట ఒక్కటీ లేదు.
జేబులో పెన్ను ఉంది.
గురువారానికి ఇంకా ఆరు రోజులు.