పళ్ళెం

గ్రిమ్స్‌బీలో గురువారం. పొద్దున్నే ఏడింటికి
మెథడిస్టు హాలు తాళం నేనే తీశాను.
మడత బల్లలు, దారం కట్టిన పెన్సిళ్ళు,
ఓట్ల కోసం నల్లటి డబ్బా.
పైకప్పు ఎప్పట్లాగే కారుతోంది.

చుక్క పడేచోట పెడదామని వెతికితే
అల్మారాలో దొరికింది, అంచు పెచ్చులూడిన
ఆ ఎనామిల్ పళ్ళెం.
పోయిన నెల, శుభ శుక్రవారానికి ముందు రాత్రి
మ్యూరియెల్ అందులోనే నా కాళ్ళు కడిగింది.

రేవులో నలభై ఏళ్ళు చేపలు కోసిన చేతులు.
వేళ్ళు సగమే ముడుచుకుంటాయి.
మోకరించడానికి కుర్చీని పట్టుకుంది,
లేవడానికి నన్ను.
సిగ్గేసి పాదం వెనక్కి లాక్కుంటే
"కదలకు, వేళ్ళ సందున సాక్సు నూలుంది" అంది.

మా నాయనమ్మ దీనమ్మ
చెప్పులు చేత్తో పట్టుకుని మునసబు వీధి దాటేది.
మా కాళ్ళు ఎవరైనా పట్టుకున్నారంటే
అది ఓట్లకి ముందు రోజే.
పట్టుకోవడం వేరు, కడగడం వేరు.
ఆ తేడా తెలియడానికి నాకు ఇంత దూరం పట్టింది.

తొమ్మిదింటికి అభ్యర్థి వచ్చాడు,
ఛాతీ మీద రిబ్బను పువ్వు, బూట్లనిండా వాన.
మంచివాడే.
కప్పు వైపు చూసి "ఇది చూద్దాం" అన్నాడు,
అందరికీ చేయి కలిపి
గుమ్మం దగ్గరి సీసాలోంచి రెండు చుక్కలు ఒంపుకుని
చేతులు తుడుచుకున్నాడు.

ఆ రాత్రీ రెండుసార్లు నీళ్ళు తెచ్చారు కదా.
తువాలు నడుముకి చుట్టుకున్నవాడు
అప్పగించబోయేవాడి మడమలు కూడా వదల్లేదు.
తెల్లారాక గద్దె మీదివాడు
గుంపు ముందు చేతులు కడుక్కున్నాడు.
ఆ రెండో పళ్ళెం వెండిదే అయ్యుంటుంది.

నా ఓటూ వేశాను. దీనమ్మ
అందరూ వేశాక, ఎండలో, చివర నిలబడి వేసేది;
దాన్ని తేలిగ్గా తీసేయలేను.
గడిలో ఇంటూ గుర్తు పెట్టాను.
కాస్త తిప్పితే సిలువే.
తిప్పలేదు. ఆ కాగితం మీద
ఆయన పేరు లేదు.

రాత్రి పదింటికి డబ్బాకి సీలు వేసి తీసుకెళ్ళారు.
పళ్ళెం మిగిలింది, అంచుదాకా నీళ్ళతో.
రెండు చేతులా ఎత్తి వంగి నడిచాను,
వంగకపోతే తొణుకుతుంది మరి.
అయినా గుమ్మం దాటుతుంటే
కొంచెం నా పాదాల మీద ఒలికింది.