సిమ్హా పరుపు

మా తాత షుక్రీది దూదేకుల పని.
పేరును బట్టి మతం చెప్పలేరు.
షఫా అమర్‌లో ఆ పేరు చర్చి రిజిస్టరులో ఉంది,
మసీదు వెనక సమాధిరాళ్ళ మీదా ఉంది.
ఎవరైనా అడిగితే విల్లు మీటి వినిపించేవాడు:
టంగ్, టంగ్.
"విన్నావా? ఇక పరుపు తీసుకురా."

వేసవిలో ఊరంతా డాబాల మీద కుట్లు విప్పుకునేది.
గడ్డకట్టిన గొర్రెబొచ్చు,
చలికాలపు చెమట, నెలల పిల్లల వాసన.
మనిషి దాచింది పరుపు దాచలేదనేవాడు తాత,
ఎవరి పక్కన ఎవరు గుంట చేశారో,
ఏ వైపు ఎన్నేళ్ళుగా మెత్తగానే ఉండిపోయిందో.
ఉమ్ వదీఅ సిలువ గుర్తు కుట్టిన తలగడలో నీలిపూస.
ద్రూజుల ఇంట తలీఅ తలగడలోనూ అదే నీలిపూస.
"దిష్టి ఒకటే, కొట్టూ ఒకటే" అని తుమ్మేవాడు.

కొండ మీద కోటుంది చూడండి,
పత్తి అమ్మి గలిలీని ఏలిన షేకు కొడుకు కట్టించాడట.
లాభం వాళ్ళు తిన్నారు,
పీచు మా తాత ఊపిరితిత్తుల్లో మిగిలింది.
ఊరి పేరులోనే శిఫా ఉంది, నయం కావడమని.
అమ్ర్ అనే ఆయనెవరో ఇక్కడి ఊటనీళ్ళు తాగి లేచి కూర్చున్నాడట.
తాత అరవై ఏళ్ళు తాగాడు ఆ నీళ్ళు.
దగ్గు తగ్గలేదు.

ఒక ఏడు పండగ పూట ఎవరో మాట జారారు.
తెల్లారేసరికి రెండు వీధుల్లో కిటికీలు లేవు.
ఆ వేసవి ఏ పరుపు విప్పినా గాజుపెంకులు.
వేళ్ళకు పేలికలు చుట్టుకుని ఏకాడు తాత,
పెంకులన్నీ ఒకే డబ్బాలో వేశాడు.
డబ్బా ఇంకా ఉంది. ఎందుకు దాచాడో తెలీదు.

తలీఅ మనవడు సైనికుడి బట్టల్లో వస్తే
అరుగు మీద కబుర్లు ఆగిపోయేవి.
ఆ కుర్రాడు మా గడప బయటే బూట్లు విప్పేవాడు,
సాక్సుకు చిల్లు, బొటనవేలు బయటికి.
అప్పుడు ఎవరో ఒకరు కుర్చీ జరిపేవారు.
ఎప్పుడూ కాదు. ఒక్కోసారి.

ఇక సిమ్హా సంగతి.
తాతకు పదిహేడేళ్ళప్పుడు
తన పెళ్ళినాటి పరుపు ఏకమని ఇచ్చిందా ముసలావిడ.
వారానికి తిరిగి వెళితే తలుపుకు తాళం.
ఆ సందులో అదే చివరి యూదుల ఇల్లు.
హైఫా దిక్కు దిగిపోయారన్నారు పక్కవాళ్ళు.
తాత చిట్టాలో రాసుకున్నాడు:
సిమ్హా, ఒక పరుపు, ఎనిమిది ఖిర్షులు, బాకీ.
పరుపు అటకెక్కింది.
ఏటా దించి ఎండబెట్టేవాడు,
వస్తుంది, కూలీ ఇచ్చి తీసుకుపోతుంది.
దాదాపు ముప్పై ఏళ్ళు అలా.

నలభై ఎనిమిది వేసవిలో
సఫ్ఫూరియా నుంచి చీకట్లో నడిచి వచ్చారు జనం.
దానిమ్మ తోటలవాళ్ళు, చేతుల్లో ఒక్క పండు లేదు.
మా వాకిట్లో కూలబడింది వస్ఫియ్యా, నొప్పులతో.
"పరుపు" అని అరిచింది నాన్నమ్మ.
తాత నిచ్చెనెక్కాడు.
పైన చాలాసేపు ఉండిపోయాడు.
ఏం చేశావు అంత సేపని నాన్నమ్మ చచ్చేదాకా అడిగింది.
"దుమ్ము దులిపాను" అనేవాడు.

ఆ రాత్రి పుట్టిన జుమానాకు ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు.
నా ఫోమ్ పరుపుల అంగడికి వచ్చి
నొక్కి చూస్తుంది, పెదవి విరుస్తుంది,
"దీంట్లో ఎవరూ లేరే" అంటుంది.
మొన్న చిట్టా చూపించాను.
తాత చేతిరాత, ఎలుక కొరికిన మూల.
చాలాసేపు చదివి
కొంగుముడి విప్పి ఒక నాణెం బల్ల మీద పెట్టింది.
"పుట్టింది నేను కదా. నా పేరున కొట్టెయ్."

సిమ్హా బాకీలో జుమానా జమ
ఎలా రాయాలో తాత నాకు నేర్పలేదు.
కాఫీ తెప్పించాను.
కలం మూత తీసే ఉంది.
నాణెం బల్ల మీదే ఉంది.