లేనివాటి పొర

సభ పెట్టిందేమో ఊళ్ళకి పటాలు గీయడం గురించి.
ముందుగా తప్పిపోయింది మా సభే.

మొహనా నుంచి పిల్లల్ని తెస్తున్న జీపు
వంతెన దాటేసి పాతపట్నం వెళ్ళిపోయింది.
"ఎక్కడండీ మీ హాలు?" అని ఫోను.
చేనేత సంఘం పాత షెడ్డు.
పర్లాకిమిడిలో తెలియని వాళ్ళు లేరు.
ఫోను తెర మీద మాత్రం అక్కడ
బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

పదిహేను రోజులు నేను చేసిన పని ఇదీ:
ప్రిన్సిపాల్ గారికి మూడు అర్జీలు,
మూడింటిలోనూ సమ్మిట్ అన్న మాట కొట్టేసి
ఎర్రసిరాతో సమావేశం అని రాశారాయన.
కుర్చీలు ఎనభై అడిగితే డెబ్బై,
అందులో ఆరు కుంటివి.
బ్యానరు మీద తెలుగు పైనా, ఒడియా పైనా అని
నిరుపమ పాణిగ్రాహికీ నాకూ రెండు రోజులు మాటల్లేవు.
ఆఖరికి ఎలియాజర్ రైతా వచ్చి
సవర లిపిలో ఒక వరస రాసి
రెండింటికీ పైన అతికించేశాడు.
చదవగలిగింది వాడొక్కడే.
కాదనడానికి మాకెవరికీ నోరు రాలేదు.

ఇక ఆ జీపు.
దాన్ని వెనక్కి తెచ్చింది మేమూ కాదు, ఉపగ్రహమూ కాదు.
వంతెన దగ్గర ఇడ్లీలమ్మే బెహరా తులసమ్మ:
"చిన్న రైలు గేటు కాడ ఎడం పక్కకి తిరగండి,
సోడాకొట్టు దాటినాక పనసచెట్టు ఒకటుంటాది,
దాని నీడట్టుకొని తిన్నగా ఎల్లిపోండి."

చిన్న రైలు ఆగిపోయి ఎన్నేళ్ళో.
సోడాకొట్టులో ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు.
పనసచెట్టుని తుఫాను పట్టుకుపోయింది
నేను ఎనిమిదో తరగతిలో ఉండగా.

అయినా వచ్చేశారు.
దారిపొడుగునా అడిగిన ప్రతి మనిషీ
లేని గేటు వైపు, లేని కొట్టు వైపు, లేని చెట్టు వైపు
చెయ్యి చాపి చూపించారట,
ఒక్కరూ తడుముకోకుండా.

మధ్యాహ్నం ఫారాలు పంచాం.
బోరు, బడి, అంగన్‌వాడీ, వీధిదీపం,
ఒక్కోదానికి ఒక్కో రంగు.
సబితా గొమాంగో చెయ్యెత్తింది:
"కొండ జారిన రాత్రి
మా వాడలో పదకొండు ఇళ్ళు పోయాయి.
వాటికేం రంగు?"

అదే సమయానికి కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఆగుతున్న చప్పుడు చివరిదాకా విన్నాం.

రంగు లేదని చెప్పడానికి నేనే లేచాను.
లేచాక ఆ మాట అనలేక
బల్ల కింద చుట్టి ఉన్న ట్రేసింగ్ కాగితం తీసి
పటం మీద పరిచాను.
కింద ఉన్నవి కనబడుతున్నాయి. పైన ఖాళీ.
"పెన్సిలుతో వేద్దాం," అంది నిరుపమ.
రెండు రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట.

సబిత పదకొండు గీసింది.
పన్నెండో గడి మొదలుపెట్టి ఆగిపోయి,
"ఇది పశువుల పాక, వెయ్యనా?" అంది.
వెయ్యమన్నాం.
ఆ తరవాత ఎవరూ ఎవర్నీ అడగలేదు.
ఒకడు ఎండిపోయిన ఊట,
ఒకడు వాళ్ళ తాత కొమ్ముదువ్వెనలు చెక్కిన అరుగు,
కొత్త రోడ్డు మింగేసిన కాలిబాట.
చీకటి పడేసరికి అన్ని పొరల్లోనూ నల్లగా ఉన్నది
రంగులేని ఆ పొరే.

సాయంత్రం తులసమ్మ డబ్బులకొచ్చింది.
పటం మీదికి వంగి చాలాసేపు చూసి,
"మరి నా బండి?" అంది.
"మునిసిపాల్టీవోళ్ళు శనివారం తీసేస్తామన్నారు.
దేంట్లో ఎడతారు నన్ను, ఉన్నవాట్లోనా, నేనివాట్లోనా?"
ఎలియాజర్ కింద కాగితం మీద సిరాతో వేశాడు,
గట్టిగా, పొరకి కూడా అచ్చు పడేలా.

కుర్చీలాయనకి ఇంకా మూడువందల నలభై బాకీ.
నివేదిక నేను రాయాలి, ఇంకా రాయలేదు.

పనసచెట్టుని మాత్రం
తొమ్మిదిమంది తొమ్మిది చోట్ల పెట్టారు.
ఎవరికి వాళ్ళు ఒట్టేసి చెప్పారు, అక్కడేనని.
చెరిపే రబ్బరు నా చేతిలోనే ఉంది.
చెరపలేదు.
ఇప్పుడు మా పటంలో ఆ వీధి
ఈ చివర నుంచి ఆ చివరకి
పనసచెట్ల కిందే నడుస్తుంది.