పుట్టుమచ్చలు

సెకండ్ల ముల్లు ముప్పై ఏడు కాడ ఆగి
నాలుగు లెక్కలు మింగి
ఏమీ ఎరగనట్టు నలభై ఒకటి మీదికి దుంకుతది.
మీకైతే నాలుగు సెకండ్లు.
మంచం మీది మనిషి చెయ్యి పట్టుకున్న నాకు
ఐదు నాడి దెబ్బలు.

పీఆర్సీ బకాయిలు పడ్డ నెల కొన్న గడియారం.
ఇరవై ఆరు వేల నాలుగు వందలు. ఇంట్ల తక్కువ చెప్పిన.
వారంటీ ఇంకా నాలుగు నెలలున్నది,
కానీ దాని డాక్టరు ఒసాకాల ఉంటడట,
నల్లగొండకు రాడట,
రోగినే పంపియ్యమన్నరు.

గడియారం సెంటర్ల కొరియర్ జానయ్య
ఫారం మీద పెన్ను ఆపి అడిగిండు:
విలువ ఎంతని రాద్దం సిస్టర్?
ఎక్కువ రాస్తే సుంకం.
తక్కువ రాస్తే, పోయిన్నాడు చేతికి చిప్పే.
నిజం రాయమన్న.
నిజం రాయమనేటోళ్ళు నా కౌంటర్ కాడికి తక్కువ వస్తరని నవ్వి
కింద సొంత తెలివితోటి కలిపిండు:
వాచీ, ఒకటి, ఖరాబైంది.
నంబరు రాయలే. నేనూ చెప్పలే.
పుట్టిన ప్రతి పసిగుడ్డు చేతికి
తల్లి పేరు రాసి పట్టీ కట్టేదాన్ని
దీన్ని ఉత్త చేతులతోటి సాగనంపిన.

ఏడు వారాలు ఫోను చూసుకుంట నాడి లెక్కబెట్టిన.
మర్రిగూడ నుంచి వచ్చిన ముసలాయన
చాపరాని మోచేతిని నా అరచేతుల ఆనిచ్చి
"ఫోను జూస్తున్నవా బిడ్డా, నన్ను జూస్తున్నవా" అన్నడు.
లెక్క తప్పింది.
మళ్ళా మొదటి నుంచి.

ఎనిమిదో వారం శంషాబాద్ దాకా వచ్చింది.
వచ్చి, అక్కడనే కూసున్నది.
పొద్దున లేస్తే అదే మాట: సుంకం కాడ నిలుపుదల.
ఆధార్ల ఎస్తేరు రాణి, డబ్బా మీద సిస్టర్ రాణి,
ఇద్దరూ ఒక్కరేనని ఒక కాయితం.
కొత్త సరుకు కాదని ఇంకో కాయితం.
ఉంచుకున్నందుకు రోజు కిరాయి.

నైట్ డ్యూటీ దిగి చిట్యాల మీదుగ పోయిన.
సుంకరి ముందట సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టని
మా అమ్మ ఊకె అనేది,
ఆ సుంకరి ఎట్లుంటడో ఆ దినం చూసిన.
మంచోడే. నీళ్ళు తాగమన్నడు.
మాట మాటకు దగ్గుతున్నడు.
పోయిన వాచీ, వచ్చిన వాచీ ఒక్కటేనని రుజువేందమ్మా,
గుర్తులేమన్న ఉన్నయా?
బడి రిజిస్టర్ల పుట్టుమచ్చలు అడిగినట్టే అడిగిండు.

ఉన్నది సార్.
ఆరు అంకె కింద, అంచు మీద, గోరు మందం గీత.
కట్టంగూరు కాడ అంబులెన్సు తలుపు గీరుకున్నది,
లోపల ఒకామె, ఎదురుకాళ్ళ బిడ్డ,
అప్పుడు వాచీని ఎవరు చూసిండ్రు.
తెల్లారి కడుగుతుంటే కనబడ్డది.
కండ్లు మూసుకున్నా నా బొటనవేలుకు దొరుకుతది సార్.

డబ్బా విప్పిండు.
అద్దం లెక్క మెరుస్తున్నది.
లోపల చిన్న చీటీ:
మీ ఓపికకు కృతజ్ఞతగా
పై గీతలన్నీ రుద్ది నున్నగ చేసినం, పైసలు వద్దు.

అంచు చుట్టూ బొటనవేలు మూడుసార్లు తిప్పిన.

తొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్బై కట్టిన.
నాదాన్ని నేనే దేశంలకు దిగుమతి చేసుకున్నట్టు
ఒక రశీదు, మూడు ముద్రలు.
లేచేముందు అన్న, తెమడ పరీక్ష చేయించుకోండి సార్.
రాసుకున్నడు, నా కాయితం వెనుకనే.

చౌటుప్పల్ కాడ బస్సు ఆగితే
నా చెయ్యి నేనే పట్టుకున్న.
ముప్పై ఏడు.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది,
ముల్లు ఆగలే.
నిమిషానికి తొంభై నాలుగు. నాకే ఎక్కువున్నది.

మొన్న సెలైన్ స్టాండుకు తగిలి
తొమ్మిది అంకె పక్కన సన్నటి గీత పడ్డది.
డ్యూటీ రిజిస్టర్ చివరి పేజీల రాసిపెట్టిన:
తారీఖు, మంచం నంబరు, ఎంత పొడుగు.
కింద పక్క మంచం పేషెంటు వేలిముద్ర,
సాక్షిగ.